మట్టి చెప్పిన పేరు

ముప్పై ఐదేళ్లలోపు వారు పొలం కొనుక్కుని, ఉద్యోగం మానకుండానే సగం రోజులు తామే సాగు చేస్తే పన్ను మాఫీ అని కొత్త చట్టం. సాగు చేసింది ఎవరో మనుషులు చెప్పనక్కరలేదు. మట్టిలో చల్లిన, కంటికి ఆనని యంత్రాలు అడుగుల బరువును బట్టి మనిషిని పోల్చుకుంటాయి. జనగామ దగ్గర ఎకరం మక్కచేను కొన్న ఇహితకు ఈ రోజే ఆ సంగతి తేలాలి. డ్రోన్ల మరమ్మతు కొలువు నుంచి పరుగున వచ్చి గట్టు మీద నిలబడగానే ఫోను పలికింది.

"ఈ చేను రైతు అనూష. వయసు అరవై రెండు."

ఇహిత తెల్లబోయింది. అనూష ఆమె తల్లి. కూతురు కొలువులో చిక్కుకున్న రోజుల్లో ఆమే కలుపు తీసింది, ఆమే నీళ్లు కట్టింది.

"ఆమె రైతా, కూలీయా?" అని ఫోను అడిగింది. కూలీ అంటే మాఫీ దక్కుతుంది. రైతు అంటే వయసు దాటింది కనుక, బోరు కోసం దాచినదంతా పన్నుకే పోతుంది.

"కూలీ అనే చెప్పు బిడ్డా," అన్నది అనూష, చేనులోంచి గట్టెక్కి కొడవలికి అంటిన మట్టి దులుపుతూ. "మీ నాయిన చేన్ల గన్నేండ్లు చేసినా నన్నెవ్వలన్న రైతన్నరా? ఆ చేను అమ్మిన నాడు గూడ నన్నెవ్వలడగలె."

ఆ మాట ఆమె సులువుగానే అన్నది. ఇహితకు మాత్రం తికమక మరింత పెరిగింది. తప్పు యంత్రానిదా, చట్టానిదా, తనదా? చెవిలో మక్క ఆకుల గలగల. చివరకు, చేస్తున్నది ఒప్పో కాదో తెలియకుండానే, "రైతు" అన్నది.

మాఫీ రద్దయింది.

"నీకేమన్న పిచ్చి లేసిందానే! బోరు పైసలన్నీ పోగొడ్తివి గదా!"

గట్టు పొడవునా తిట్టింది అనూష. తిట్టి తిట్టి అలసి, కూతురి పక్కనే కూలబడింది. కాసేపటికి, ఎటో చూస్తూ, మెల్లగా అడిగింది.

"గా ఫోను ఇందాక నా పేరు చెప్పి ఏమన్నది? ఇంకోపారి అనిపియ్యి, బిడ్డా."