తుక్కు నేలలో ఉంగరం

వసువును గర్భమున దాచి, వేళ యెరిగి వెలికి నొసగు వసుంధరాదేవికి మొక్కి, ఈ చిన్న కథ చెబుతున్నాను.

"పెద్దది వెయ్యవయ్యా డెస్మండ్! నాలుగు ఊపుల్లో చేనంతా చుట్టేస్తుంది," అంది మావిస్.

"చిన్నది చాలు. ఉంగరమేమీ పాతాళంలో లేదు. రెండంగుళాల్లోపే ఉంటుంది," అన్నాడు ఆమె భర్త హెడ్లీ.

చిక్కుడు కోసిన చేలో, లోహాన్ని పసిగట్టే పళ్లెంలాంటి కాయిల్ చేతికొకటి పట్టుకుని, పోయిన వస్తువులు వెదికిపెట్టే డెస్మండ్ తెల్లబోయి నిలబడ్డాడు. మెటల్ డిటెక్టర్ కర్రకు ఏ కాయిల్ బిగించాలో చెప్పవలసినవాడు తాను, చెబుతున్నవారు వీరు. ఈ చేలోనే మావిస్ పెళ్లి ఉంగరం జారిపోయిందట. రేపు ఆ దంపతుల యాభయ్యో పెళ్లిరోజు. ఆలోగా అది ఆమె వేలికి చేరాలని హెడ్లీ పట్టుదల.

మావిస్ మాట కాదనలేక పెద్దదే బిగించాడు. అడుగు వేశాడో లేదో, చెవుల్లో గుర్రుమని ఇనుప రొద. తవ్వితే మేకు. మరో అడుగు, మరో మేకు. ఇల్లు గాని, కంచె గాని ఎన్నడూ లేని చేలో, తుప్పయినా పట్టని మేకులు ఎలా మొలిచాయో అతనికి అంతుబట్టలేదు.

"చూశావా, ఒట్టి తుక్కు నేల! ఇక దొరకదులే. టీ తాగి వెళ్లు, నాయనా," అంది మావిస్, ఎందుకో తేలికపడిన గొంతుతో.

"దొరికి తీరుతుంది!" హెడ్లీ కసిరాడు. "ఇరవై ఏళ్ల అనుభవమంటావు, కోడి కెలికినట్టు కెలుకుతావేమోయ్?"

"పెద్ద కాయిల్ కింద అయిదారు మేకులూ ఉంగరమూ ఒక్కసారే పడితే, మేకుల అరుపుల్లో ఉంగరం గొంతు మునిగిపోతుంది బాబాయ్. చిన్నదయితే ఒక్కొక్కదాన్నే విడదీసి వింటుంది," అంటూ డెస్మండ్ కాయిల్ మార్చాడు.

జానెడు జానెడుగా నేల వెదికాడు. గుర్రు. గుర్రు. మళ్లీ గుర్రు. వాటి నడుమ సన్నగా, తేటగా ఒక కూత!

రెండు మేకుల సందున ఉంగరం మెరిసింది. లోపలివైపు హెడ్లీ, మావిస్‌ల పేర్ల మొదటి అక్షరాలు. హెడ్లీ చప్పట్లు చరిచాడు. మావిస్ ముఖం మాత్రం పాలిపోయింది. భర్తను టీ పెట్టమని ఇంట్లోకి తరిమి, డెస్మండ్ చొక్కా పట్టుకుంది.

"నిజం చెప్పు. ఇదెక్కడిది?"

"మీ కళ్లముందే తవ్వి తీశాను కదా, పిన్నీ!"

"నా ఉంగరం పోనేలేదురా! ట్రాక్టర్ బాగుచేయించడానికి లింకన్ పట్నంలో నగల కొట్టుకి అమ్మేశాను. ఆయన బాధపడతాడని, చేలో పడిపోయిందన్నాను. నువ్వొస్తున్నావని తెలిసి, దొరక్కపోతే తప్పు నేల మీదికి పోతుందని, సోమవారం రెండు బకెట్ల మేకులు మట్టిలో కలిపాను. అమ్మిన ఉంగరం చేలో ఎలా మొలిచిందిరా?"

డెస్మండ్ ఉంగరం ఆమె అరచేతిలో పెట్టాడు. సరంజామా సర్దుకుని గేటు దాకా నడిచాడు. హెడ్లీ వెనకనే వచ్చి, అటూ ఇటూ చూసి, అతని చెవిలో గుసగుసలాడాడు.

"లింకన్‌లో నగల కొట్టు అద్దాల వెనక ఆ ఉంగరం చూసి మళ్లీ కొన్నదీ నేనే, ఆదివారం అక్కడ పాతిందీ నేనే. మా ఆవిడతో అనకు. అది సరే గానీ అబ్బాయ్, ఆ మేకులెక్కడివి?"

ఈ కథ విన్నవారి ఇళ్లలో దాపరికమంటూ ఉంటే ఇటువంటిదే అగుగాక! ఆలుమగలు నిండు నూరేళ్లు చల్లగా ఉందురు గాక!