మోగని ఈల

టైర్ల గోదాము మంటల్లో చనిపోయిన ఫైర్‌మన్ గిరిబాబు గాలి సిలిండరును అధికారి పరీక్షిస్తున్నాడు. గాలి అడుగంటినా, బయటికి రమ్మని హెచ్చరించే ఈల మోగలేదు. ఈల రంధ్రాన్ని సూదితో పొడిస్తే అందులోంచి కొవ్వొత్తి మైనం ఊడిపడింది.

తోటి ఫైర్‌మన్ బంగారురాజు, స్టేషన్లో సిలిండర్లు చూసుకునే మేనమామ నరసింగరావు వైపు తిరిగాడు. “ఈల ఇని కూడా ఆ మొండోడు రాలేదని నాకు సెప్పింది నువ్వే కదా, మావా?”

“రోజూ పొద్దున్న పరీక్షకి అన్నీ ఒకేసారి కూస్తే సెవులు పగిలిపోతన్నాయిరా. మైనం పెట్టీసినాను. ఇంత ముప్పని నాకేటి తెలుసు?”

చచ్చిపోయిన స్నేహితుణ్ణి మొండోడని ఇన్నాళ్లూ తిట్టుకున్నాడు బంగారురాజు. తన సిలిండరు అందుకున్నాడు.

“అయితే నాదీ మూసీసావా?”

“నీది ముయ్యలేదురా,” అన్నాడు నరసింగరావు. “నువ్వు మా సెల్లి కొడుకువి.”