తొమ్మిది టిక్కులు

“ఒక్క కుట్టు కూడా పక్కకు పోలేదు,” అంది భార్య, టైలరు చేతిలోని కాగితంలోకి తొంగి చూసి.

నిజమే. కాగితం మీద తొమ్మిది ప్రశ్నలున్నాయి. నిద్ర పట్టడం లేదా, ఆకలి వేయడం లేదా, దేని మీదా మనసు పోవడం లేదా, అలాంటివి. ప్రతి ప్రశ్నకూ ఎదురుగా సున్నా నుంచి మూడు దాకా మార్కులున్న నాలుగు గళ్లు: బాధ అస్సలు లేదు, అప్పుడప్పుడు, తరచుగా, రోజూ. టైలరు మొదటి గడిలోనే పైనుంచి కిందికి టిక్కులు కొట్టుకుంటూ వచ్చాడు. చొక్కా అంచు కుట్టినంత తిన్నగా ఉంది వరస.

“పోయిన నెలా ఇంతే. అంతా బాగుందని రాసిచ్చి, ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఈసారీ ఇలాగే ఇస్తే వీళ్లు సరేనని పంపించేస్తారు. ఆ షాపు అలాగే మూసుంటుంది, మీరూ అలాగే ఉంటారు.”

“ఇప్పుడు నాకేమైందని?” అన్నాడు టైలరు.

పేగు ఆపరేషనై, మలం పోవడానికి పొట్ట మీద సంచి పెట్టించుకున్నవాళ్లను చూసే గది అది. సంచి ఎలా మార్చాలో నేర్పే నర్సే, నెలకోసారి మనసు సంగతి కూడా కాగితం మీద అడుగుతుంది. పేషెంటుకొకటి, ఇంట్లోంచి వెంట వచ్చినవాళ్లకొకటి. ఎవరిది వాళ్లే నింపాలి.

భార్య తన కాగితం రెండు నిమిషాల్లో నింపి ఇచ్చేసింది. ఆవిడ డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతుంది. పక్కవాడు తప్పు చేసేలోపే బ్రేకు తొక్కడం ఆవిడకు అలవాటు.

“పిన్నిగారికి మూడే వచ్చింది. బాగానే ఉన్నారు,” అంది నర్సు కూడిక చేసి.

“ఆ మూడూ నిద్ర దగ్గరే. ఈయన టార్చి పుణ్యం.”

“టార్చి ఏమిటి?”

“రాత్రి నాలుగుసార్లు లేచి, టార్చి వేసి సంచి చూస్తారు. లీకైందేమోనని. ఇంతవరకు ఒక్కసారీ అవలేదు.”

“చూస్తున్నాను కాబట్టే అవలేదు,” అన్నాడు టైలరు.

నర్సు ఆయన కాగితం తీసుకుని, ఆ టిక్కుల వరసను కాసేపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“బాబాయిగారూ, ఇది పక్కన పెడదాం. నేనడుగుతాను, నోటితో చెప్పండి. షాపు ఎందుకు తెరవడం లేదు?”

“కరెంటు సరిగ్గా ఉండట్లేదమ్మా.”

“ఆయనది తొక్కుడు మిషను,” అంది భార్య.

“భోజనం సరిగ్గా చేస్తున్నారా?”

“పన్ను నొప్పి.”

“ఆ పన్ను పీకించి రెండేళ్లయింది.”

“బయటికి వెళ్తున్నారా?”

టైలరు ఫ్యాను వైపు చూశాడు. అదేమన్నా జవాబు చెబుతుందేమోనని.

“కారెక్కాలంటే హడలు,” అంది భార్య. “సీటు బెల్టు సంచిని నొక్కేస్తుందట. బెల్టు కింద పెట్టడానికి ఒక మెత్త కుట్టారు. అది పల్చగా ఉందని రెండోది. దాని అంచు బాలేదని మూడోది. మా కారులో ఇప్పుడు మనుషులకంటే మెత్తలెక్కువ. ఇవాళ దారిలో గుంత వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకున్నారు. అదృష్టం, స్టీరింగు నా చేతిలో ఉంది.”

నర్సు నవ్వింది. టైలరు నవ్వలేదు. అది చూసి భార్య గొంతు తగ్గించింది.

“నిన్న ఎవరిదో గుడ్డ ముందేసుకుని, కత్తెర పట్టుకుని గంటసేపు కూర్చున్నారమ్మా. ఒక్క గాటు పెట్టలేదు. ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని కోసే మనిషి.”

టైలరు తన అరచేతులు చూసుకున్నాడు.

“అందరూ ఒకటే మాట,” అన్నాడు చివరికి. “ప్రాణం దక్కింది, ఇంకేం కావాలీ అని. నేనూ అదే అనుకుంటాను. దక్కాక కూడా దిగులుపడుతున్నానంటే సిగ్గుగా ఉంటుందమ్మా. అందుకే ఆ మొదటి గడి.”

ఆయన కళ్లు తడిశాయి. భార్య వీపు నిమిరింది. ఈసారి బ్రేకు తొక్కలేదు.

“ఈ గదిలో చాలామంది ఇదే మాట అన్నారు,” అంది నర్సు. “అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఇంకో కాగితం ఇస్తాను.”

ఈసారి పావుగంట పట్టింది. టిక్కులు ఇటూ అటూ చెదిరాయి. ఎక్కువ చివరి గళ్లలోనే పడ్డాయి.

“పదిహేడు,” అంది నర్సు.

“ఎక్కువొస్తే పాసయినట్టా?”

“ఎక్కువొస్తే కౌన్సిలరు దగ్గరికి వెళ్లాలి. గురువారం పదింటికి రాస్తున్నాను. తప్పకుండా రావాలి.”

“ఒక్కడినే వెళ్లాలా?”

“గదిలోకి మీరొక్కరే. పిన్నిగారు బయట కూర్చుంటారు.”

“నాకేం, మూడు మెత్తలున్నాయి,” అంది భార్య.

టైలరు ఫక్కున నవ్వాడు. మూడు నెలల తర్వాత ఆ నవ్వు విన్న భార్య, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు మొహం అటు తిప్పుకుంది.

నర్సు చేతులు కడుక్కుని గ్లవ్సులు తొడుక్కుంది. మూల ఉన్న బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచింది.

“కాగితాల పని అయిపోయింది. ఇక పేషెంటు బల్ల ఎక్కితే, సంచి చూసేస్తాను.”

టైలరు గబుక్కున లేచి మెట్టుపీటను బల్ల దగ్గరికి జరిపాడు.

భార్య చెప్పులు విడిచి బల్ల ఎక్కింది.