లేని గుంట

గోనెసంచి కోసం మనిషి తల పగలగొట్టాడని ఆ కొత్తమనిషిని పట్టుకొచ్చారు.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగు నాటి మాట. బిలాస్‌పూర్‌లో ఎముకలు కొరికే చలి. లోకోషెడ్ దగ్గర వాచ్‌మన్ గోనె లాక్కోబోతే, వాడు బొగ్గు పార తీసుకుని ఒక్కటిచ్చాడు.

ఠాణా లాకప్పులోనూ ఒకటే గోల. తిండి తినడు, నిద్రపోడు, చువ్వలు పట్టుకుని ఊపుతాడు. కప్పుకోమని కంబళి ఇస్తే చువ్వల్లోంచి బయటికి చాపుతాడు. వాడి గోలంతా తెలుగు. వాణ్ణి పరీక్షించడానికి వచ్చిన డాక్టరుకు ఆ భాష రాదు.

"కాలనీ నిండా తెలుగు కూలీలే," అన్నాడు డాక్టరు. "కానీ వీణ్ణి ఇంటికి పంపాలో పిచ్చాసుపత్రికి పంపాలో నేను తేల్చాలి. చదువుకున్నవాడు కావాలి."

అలా రైల్వే గుమస్తా గోవిందరావుకు కబురొచ్చింది.

రాజమండ్రి నుంచి కొత్తగా దిగినవాడు. తెలుగంటే తన ఊరి తెలుగే అని ఆయన నమ్మకం. పక్క క్వార్టరు వాళ్ళు 'ఏటి' అంటే చాలు, ఆయనకు నవ్వాగేది కాదు. వాళ్ళతో మాట కలిపిందీ లేదు.

"నీ పేరేమిటోయ్?"

"అమ్మన్న, బాబూ. నన్నొగ్గీండి. ఎల్లి గుంటని కప్పాల."

"గుంటా? ఎక్కడ?"

అమ్మన్న ఊరి అంచున ఉన్న లింగియాడీహ్ వైపు చెయ్యి చూపించాడు.

గోవిందరావు డాక్టరు వైపు తిరిగాడు. "ఎక్కడో గొయ్యి తవ్వాడట సార్. వెళ్ళి పూడ్చాలట."

గోతిలో శవముందేమోనని డాక్టరు మొహం మారిపోయింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు పరిగెత్తారు. సాయంత్రానికి ఉత్తచేతులతో వచ్చారు.

"నేలంతా వెతికాం సాబ్. ఒక పాత గుడిసె ఉంది గానీ, గొయ్యి ఎక్కడా లేదు."

"అయితే లేని గుంట," అన్నాడు డాక్టరు. చెడ్డవాడు కాదాయన. ఒక మనిషిని ఊరికే పిచ్చాసుపత్రిలో పెట్టించానన్న పాపం తనకు వద్దనే ఉంది. "చివరిగా ఒక్కటి అడుగు. వదిలేస్తే మళ్ళీ ఎవరినైనా కొడతాడా?"

గోవిందరావు అడిగాడు.

"అబద్దమెందుకు బాబూ," అన్నాడు అమ్మన్న. "గోనె లాక్కుంటే కొడతాను. గుంటని కప్పీదాకా ఎవులడ్డొచ్చినా కొడతాను. కప్పీసినాక మీ ఇట్టం, ఉరెయ్యండి."

"ఏమన్నాడు?"

లేని గుంట ఊసు మళ్ళీ ఎందుకని గోవిందరావు దాన్ని వదిలేశాడు.

"ఎవరడ్డొచ్చినా కొడతాడట సార్."

డాక్టరు నిట్టూర్చి, ప్రమాదకరమైన మనిషని రాశాడు. మర్నాడే అమ్మన్నను పిచ్చాసుపత్రికి రైలెక్కించారు. మంచి సాయం చేశావని ఆఫీసులో గోవిందరావును మెచ్చుకున్నారు కూడా. ఆయన కాదనలేదు.

నెల తిరిగింది. ఒక సాయంత్రం గోవిందరావు గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పక్క క్వార్టరు గ్యాంగుమన్ భార్య అసిరమ్మ, మొగుడి మీద కేకలేసింది.

"ఏటయ్యా, గుంటని కప్పలేదేటి? సలికి వణికిపోతంది!"

కాఫీ గ్లాసు ఆయన చేతిలోనే ఆగిపోయింది.

"అసిరమ్మా, గుంట అంటే ఏమిటి?"

ఆవిడ పకపకా నవ్వింది. "అదేటి గుమస్తా బాబూ, మీరు తెలుగోరు కారేటి? గుంటంటే ఆడపిల్ల!"

"ఏ ఆడపిల్ల?"

"ఎవుల బిడ్డో. నెల కితం లింగియాడీహ్ కాడికి కట్టెలకెల్తే, పాత గుడిసిలో మూలుగు ఇనిపించింది. జొరంతో ఒళ్ళు కాలిపోతంది. తెచ్చి పెంచుకుంతన్నాం. గోనె తెత్తానని ఎల్లినోడు మరి రానేదంట."

గోవిందరావు చెప్పులు కూడా వేసుకోకుండా డాక్టరింటికి పరిగెత్తాడు.

డాక్టరు అంతా విని కుర్చీలో కూలబడ్డాడు. "అక్కడా అన్నం ముట్టలేదట. పోయిన వారమే చచ్చిపోయాడు. ప్రమాదకరమైనవాడని నేనే రాశాను."

"నేనే చెప్పాను," అన్నాడు గోవిందరావు.

తిరిగొచ్చేసరికి పిల్ల అరుగు మీద కంబళి కప్పుకుని కూర్చునుంది. దాని మొహంలోకి చూడడానికి ఆయనకు సిగ్గేసింది. జారిన కంబళి కొస సర్ది, తల వంచుకునే అడిగాడు.

"మీ నాన్న నిన్ను బాగా చూసుకునేవాడా అమ్మా?"

పిల్ల వింతగా చూసింది.

"ఆడు మా అయ్య కాడు. టేసన్లో నాను తప్పిపోయి ఏడుస్తంటే సూసి, తన రైలొగ్గీసి దిగిపోనాడు."