చేప వంతు

సముద్రపొడ్డున బురదనేలలో నత్తలు గుట్టలుగా చచ్చిపోతున్నాయి. ఎందుకో కనిపెడదామని ఎండ్రకాయా చేపా ఒక్కమాట మీదికొచ్చాయి. నీళ్లు వెనక్కి తీసినప్పుడు మట్టిని ఎండ్రకాయ చూడాలి, పోటెక్కినప్పుడు నీళ్లను చేప చూడాలి.

"చూసింది చెప్పుకోడానికి నీళ్లు తీశాక మా గుమ్మంలోనే కూర్చుందాం చెల్లెమ్మా," అంది ఎండ్రకాయ పెద్దరికంగా.

అన్న మాట కాదనలేక చేప, వెనక్కిపోయే నీళ్లతో పోకుండా చిన్న గుంటలో ఉండిపోయింది.

ఎండ్రకాయ తన బొరియలో నల్లబడ్డ మట్టితో మొదలుపెట్టి తాతల నాటి బొరియలదాకా చెప్పుకొచ్చింది. ఎండ చుర్రుమంటోంది. గుంట ఇంకిపోతోంది.

"అన్నయ్యా, విషం ఎటునుంచి వస్తోందో నేను చూశాను," అంది చేప.

"ఆగమ్మా, నన్ను పూర్తి చెయ్యనీ."

పూర్తిచేసి, "ఇప్పుడు చెప్పు," అంది.

చేప నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఇక మూయలేదు.

ఆ నోటికి చెవి ఆనించి, ఎండ్రకాయ పోటు వచ్చేదాకా కూర్చుంది.