రెండో అద్భుతం

"సంతకం పెట్టను ఫాదర్‌గారూ. ఆవిడ లేచింది నా మందుతో," అన్నాడు డాక్టర్ అనంతపద్మనాభం.

ఫాదర్ జోజి కుర్చీ అంచుకు జరిగాడు. బ్రాడీపేటలోని ఆ క్లినిక్‌కి రావడం ఇది నాలుగోసారి. ఈసారి శౌరమ్మను కూడా వెంటబెట్టుకొచ్చాడు.

తుమ్మలగుంటపాడు చర్చి ఆవరణలో అల్బర్టుస్వాముల సమాధి ఉంది. కలరా వచ్చిన ఏడాది రోగులను భుజాన మోసి, చివరికి ఆ రోగంతోనే పోయిన తెల్లదొర ఆయన. ఆయన్ని పునీతుడిగా, అంటే సెయింటుగా, ప్రకటింపజేయాలని ఊరి పట్టుదల. అందుకు రోముకు రెండు అద్భుతాలు చూపించాలి, మొదటిది దొరికింది. నాలుగేళ్లు మంచంలో ఉన్న శౌరమ్మ కిందటి పాస్క పండుగనాడు, అంటే ఈస్టరునాడు, ఆ సమాధి దగ్గర లేచి నడిచింది. చూసినవాళ్లు మూడొందలమంది. ఇది వైద్యానికి అందని స్వస్థత అని, వైద్యం చేసిన డాక్టరు రాసిచ్చే కాగితం ఒక్కటే తక్కువ. బిషప్పుగారి ఆఫీసు ఇచ్చిన గడువు రేపటితో సరి.

ఊరు మాత్రం రోము కోసం ఆగలేదు. చర్చి ముందు కొవ్వొత్తుల కొట్లు వెలిశాయి. పోస్టర్లలో అల్బర్టుస్వాముల తల చుట్టూ వెలుగు అప్పుడే అచ్చయిపోయింది. సమాధి మట్టి చల్లితే పత్తికి తెల్లదోమ పోతుందని హిందూ రైతులు కూడా సంచులతో వస్తున్నారు. పురుగుమందు కొట్టిన మర్నాడు చల్లుతున్నారు.

"మీ గొప్పతనం ఎవరూ కాదనరు డాక్టరుగారూ. ఈ ఒక్క కేసు మీ వల్ల కాలేదని రాస్తే చాలు."

"నడుం నొప్పని నడిచొచ్చిన మనిషికి నెల తిరక్కుండా కాళ్లు పడిపోయాయి. అంత మొండి జబ్బుని పూటకు మూడు మాత్రలతో నాలుగేళ్లు పట్టి ఉంచాను. ఇప్పుడు పేరు సమాధికా?"

ఫాదర్ ఓపిగ్గా వివరించాడు. పాస్క ముందు నలభై రోజులు తపస్సుకాలం. రోజూ అలవాటున్నది ఏదో ఒకటి మానుకుని దేవుడికి అర్పించాలి. కొందరు మాంసం మానతారు, కొందరు చుట్ట. శౌరమ్మ బుగ్గన పెట్టుకునే పొగాకు మానిందని ఊరంతా చెప్పుకుంటారు. నలభై రోజుల నిష్ఠ ముగిసిన పండుగనాడే లేచింది.

"అంతేనా శౌరమ్మా?" అన్నాడు డాక్టరు వెటకారంగా.

శౌరమ్మ తల దించుకుంది. "ఏం మానామో మావోళ్లతో చెప్పుకుంటే ఫలం పోద్దయ్యా. మీరు మా మతం కాదుగా, మీకు చెప్తే పోదు."

లేచి వెళ్లి ఆయన చెవిలో ఏదో చెప్పింది.

డాక్టరు కళ్లజోడు తీశాడు. చాలాసేపు తుడిచాడు. శౌరమ్మ కాళ్లకేసి చూసి, ఫాదర్ చేతిలో ఉన్న అల్బర్టుస్వాముల పటానికి రెండు చేతులూ జోడించాడు. తర్వాత కాగితం లాక్కుని, ఇది వైద్యశాస్త్రానికి ఎంతమాత్రం అందని అద్భుతమని రాశాడు. అడక్కుండానే కింద మరో పేజీ కలిపాడు. ప్రతి పేజీకీ సంతకం చేసి ముద్ర కొట్టాడు. శౌరమ్మ పాత మందుచీటీలన్నీ, ఆమె గుర్తుగా ఉంచుకుంటానని అడిగి తీసుకున్నాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

బస్సులో ఫాదర్ కళ్లు చెమర్చాయి. నిత్యం సంధ్యావందనం చేసే మనిషి ఒక్క మాటతో కరిగిపోయాడు. పునీతుడు కావడానికి రెండో అద్భుతం కూడా కావాలి, అది ఇదే. ఊరెళ్లగానే బిషప్పుగారికి రాయాలి.

పక్కన శౌరమ్మ రొండిన దోపుకున్న పొగాకు తీసి, తుంచి బుగ్గన పెట్టుకుంది.

"గురువుని, నాకు చెబితే ఫలం పోదు శౌరమ్మా. పొగాకు మానానని చెప్పావు, అంతేగా?"

"పొగాకు ఎట్టా మానతాను స్వామీ, ఆయనిచ్చిన మాత్రలు మానేశా."