పదమూడో దండయాత్ర

“కాస్త జరుగుతావా తల్లీ?”

అమ్మాయి జరగలేదు. పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు.

తప్పినవాళ్ళకి మళ్ళీ పెట్టే పరీక్ష అది. గది తలుపులింకా తెరవలేదు. వరండాలో ఆ బెంచీ మీద కూర్చోవడానికే ఆమెకి తల కొట్టేసినట్టుంది.

లెక్కల్లో పోయిందని తెలిసిన రోజు నుంచి నాన్న ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా ఉంటే “దానికి చెప్పు” అని అమ్మతో అంటాడు, అంతే. ఈసారీ పోతే ఆ పాటి మాట కూడా ఉండదు.

అడిగినావిడ యాభై దాటిన మనిషి. బెంచీ చివర జానెడు చోటుంటే అందులోనే సర్దుకుంది.

“పిన్నీ, ఇది ఎన్నో దండయాత్ర?” వెనకనుంచి ఎవరో కేకేశారు.

“పదమూడోది రా! కోట గట్టిది.”

అందరూ గొల్లుమన్నారు. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే పక్కనున్న పుస్తకంలోకి చూసింది.

“ఇదిగో, ఈ వరసలో గుర్తు మార్చడం మర్చిపోయావమ్మా.”

నిజమే. పొద్దుటి నుంచీ తేలని లెక్క ఇట్టే తేలిపోయింది. అమ్మాయికి ఒళ్ళు మండింది.

“ఇన్ని తెలిసినవారు పన్నెండుసార్లు ఎందుకు పోయారో!”

“పోతే పోయింది. పరీక్షేగా, ప్రాణమా? అంత దిగులెందుకు తల్లీ.”

“మీకూ నాకూ పోలికేంటండీ? మీలా సిగ్గు లేకుండా బతకడం నాకు చేతకాదు.”

ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

“చేతకాకపోవడమే మంచిదిలే,” అంది. “శుభ్రంగా రాసి గట్టెక్కు. మళ్ళీ నాకిక్కడ కనిపించకు.”

పరీక్ష మొదలైన అరగంటకే ఆవిడ లేచి, ఒక్క అక్షరం లేని కాగితం ఇచ్చేసింది. వెళ్తూ వెళ్తూ అమ్మాయి వైపు చూసి, “రాయి, రాయి” అన్నట్టు చెయ్యి ఊపింది.

అమ్మాయి పాసయింది. నాన్న ఆమెని పేరు పెట్టి పిలిచాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఆమెకి మాత్రం అన్నం సయించలేదు. ఆవిణ్ణి తనన్న మాటే మాటిమాటికీ గుర్తొచ్చేది. మార్కుల కాగితం తెచ్చుకునే రోజున ఆఫీసులో ఆవిడ ఇల్లు కనుక్కోవాలి, వెళ్ళి క్షమించమని అడగాలి. ఏమని మొదలుపెట్టాలో ఆ రోజు దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది.

ఆఫీసు కిటికీ దగ్గర చూపులేని ఒకాయన ఆమెకంటే ముందే నిలబడి ఉన్నాడు.

“మార్చి పరీక్షకి రాసిపెట్టే మనిషి దొరకలేదండీ. జవాబులన్నీ నేనే చెప్తాను. చేత్తో రాసేవాళ్ళుంటే చాలు.”

“ఎవర్నని తేను నాయనా? రాసే ఆ ఒక్కావిడా పోయిన నెలలో కాలం చేసింది,” అన్నాడు గుమాస్తా.

అమ్మాయి గబుక్కున ముందుకొచ్చింది. “నేను రాస్తానండీ!”

“నువ్వు పాసయ్యావుగా, పనికిరావు. పాసైనవాళ్ళయితే ఆయన చెప్పింది వదిలేసి తమకొచ్చింది రాస్తారని ఒప్పుకోరు. అదే పరీక్షకి ఏటా ఫీజు కడుతూ, ఇంకా గట్టెక్కనివాళ్ళే రాయాలి.”

“అయితే నాకొకావిడ తెలుసు,” అంది అమ్మాయి ఆశగా. “ప్రతిసారీ తప్పుతుంది. దండయాత్ర పిన్ని అంటారు. ఆవిణ్ణి అడగండి.”

గుమాస్తా చేతిలో ముద్ర గాల్లోనే ఆగిపోయింది.

“నేను చెప్తున్నది ఆవిడ గురించే కదమ్మా. పాసైపోతే ఇలాంటివాళ్ళకి రాసిపెట్టే వీలుండదని, పదమూడేళ్ళూ కావాలనే తప్పింది.”